లాగని కారు: క్లచ్ దోషమా, టర్బో దోషమా?

రామచంద్రాపురము నుండి పటాన్‌చెరు వరకు రహదారిపై వాహనములు ఒకదానినొకటి రాచుకొనునట్లు నడచును. ముత్తంగి వద్ద బాహ్యవలయ రహదారి కూడలి దాటిన పిమ్మట ఇస్నాపురము, రుద్రారము, కంది మీదుగా సంగారెడ్డికి పోవు కార్లు వేగమందుకొనును. ముందు పోవుచున్న కంటెయినర్ లారీని దాటుటకై చోదకుడు ప్రక్క వరుసలోనికి వచ్చి యాక్సిలరేటరును అదిమినప్పుడు కారు లాగకపోయినచో, ప్రక్కనున్న లారీకిని వెనుకనుండి తరుముకొని వచ్చు బస్సునకును నడుమ అతడు చిక్కుకొనును. మరునాడు మరమ్మతు షెడ్డుకు వచ్చి అతడు చెప్పునది ఒక్కటే మాట: “పికప్ లేదు.”

ఈ ఒక్క మాట వెనుక రెండు వేరువేరు జబ్బులు దాగియుండవచ్చును. ఇంజను బలమును పుట్టించుచున్నను అది చక్రములకు చేరకపోవుట మొదటిది. ఇది క్లచ్ జారుట. ఇంజనులోనే బలము పుట్టకపోవుట రెండవది. టర్బో ఇంజనులలో దీనికి తరచుగా కారణము గాలి ఒత్తిడి చాలకపోవుట. కారు లోపల కూర్చున్నవానికి రెండును ఒకే విధముగా తోచును. కాని వీనికి చేయవలసిన చికిత్సలు వేరు, ఖర్చులు వేరు. ఒకదానికి బదులు వేరొకదానిని విప్పినచో వేలకు వేలు ధారపోసిన తరువాత కూడ కారు లాగదు.

వేగముకొరకు రూపొందిన టర్బో పెట్రోలు కార్లు మన దేశమున మొదట అరుదుగా ఉండెడివి. 2004లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 150 అశ్వశక్తి గల 1.8 లీటర్ల ఇంజనుతో యువకుల మనసు దోచినది. 2013లో వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2017లో మారుతి బలెనో ఆర్‌ఎస్ వచ్చినవి. వీని ఇంజనులు 1.2, 1.0 లీటర్లవే అయినను నూరు అశ్వశక్తిని మించి ఇచ్చినవి. ఆ తరపు బండ్లు ఇప్పుడు చేతులు మారి మాత్రమే దొరకును. ఒక యజమాని జాగ్రత్తగా నడిపియుండును, ఇంకొకడు పందెములకు తోలియుండును. ఇంజను శబ్దము విని, రంగు చూచి కొనువానికి ఆ చరిత్ర తెలియదు.

చిన్న ఇంజనుకు అంత బలము ఎట్లు వచ్చును? పెట్రోలు మండుటకు గాలి కావలెను. మామూలు ఇంజను తానుగా పీల్చుకొన్నంత గాలితోనే తృప్తిపడును. టర్బో గల ఇంజనులో, బయటికి పోవు వేడి పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొననున్న మరొక చక్రము బయటి గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. వృథాగా పోవలసిన పొగ ఇట్లు పనిచేసి పెట్టును. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారములో తయారగు టర్బైన్లు, కంప్రెసర్ల సూత్రమును టర్బో సూత్రమును ఒకటే. తేడా అంతయు పరిమాణములో ఉన్నది: కారులోని చక్రము అరచేతిలో ఇమిడిపోవును, కాని దాని ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లు దాటి తిరుగును. ఆ వేగమును తట్టుకొనునది సన్నని నూనెపొర మాత్రమే.

ఈ ఊహకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంటు పొందెను. మొదట దీని అవసరము ఎక్కువగా కనిపించినది కార్లకు కాదు, విమానములకు. పైకి పోయినకొలది గాలి పలుచనగును గదా! 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు ఒక విమాన ఇంజనును పైక్స్ పీక్ అను పర్వతశిఖరముపైకి, అనగా నాలుగువేల మీటర్లకు మించిన ఎత్తునకు, చేర్చి పరీక్షించెను. పలుచని గాలిలో కోల్పోయిన బలమును టర్బో తిరిగి తెచ్చిపెట్టునని అచ్చట రుజువైనది. కార్లలో ఇది అమ్మకమునకు వచ్చినది 1962లో.

ఎత్తు సంగతి పటాన్‌చెరుకు కూడ కొంత వర్తించును. ఇక్రిశాట్ క్షేత్రమున్న ఈ ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 545 మీటర్ల ఎత్తున ఉన్నది. సముద్రతీరమున గాలి పీడనము సుమారు 101 కిలోపాస్కల్‌లు కాగా ఇచ్చట 95 మాత్రమే. కారు కంప్యూటరుకు తగిలించు చిన్న పరీక్షా యంత్రము ఇప్పుడు మామూలు షెడ్లలో కూడ కనిపించుచున్నది. దానిలో చూపు పీడనము సాధారణముగా సంపూర్ణ పీడనము. అనగా బయటి గాలి పీడనము కూడ అందులో కలిసియుండును. ఇంజను ఆపి, తాళము మాత్రము త్రిప్పి చూచినప్పుడు పటాన్‌చెరులో ఆ అంకె 95 ప్రాంతమున ఉండవలెను. దీనిని టర్బో ఒత్తిడి అని భ్రమించి సంతోషించువారును కలరు. టర్బో నిజముగా 60 కిలోపాస్కల్‌లు అదనముగా అదిమినప్పుడు అంకె 155కు చేరును. యాక్సిలరేటరును పూర్తిగా అదిమినను 95 వద్దనే నిలిచినచో టర్బో పనిచేయనట్లే లెక్క.

ఇక క్లచ్. ఇంజనుతో పాటు తిరుగు ఫ్లైవీలు ఒకవైపు, ప్రెషర్ ప్లేటు రెండవవైపు ఉండగా, నడుమ క్లచ్ ప్లేటు ఇరుకుకొని ఉండును. వానిని పట్టియుంచునది పళ్ళెము ఆకారముగల ఒక ఉక్కు స్ప్రింగు. పెడలును త్రొక్కినప్పుడు ఆ పట్టు సడలి ఇంజను, గేర్‌బాక్సు విడిపోవును. వదలినప్పుడు ఘర్షణచేత తిరిగి ఒకటగును. ఈ ఘర్షణ మోయగల త్రిప్పుబలమునకు ఒక హద్దు కలదు. లెక్కకు ఒక ఉదాహరణ తీసికొనవచ్చును. స్ప్రింగు 5,000 న్యూటన్ల బలముతో, అనగా సుమారు 500 కిలోల బరువుతో సమానముగా, అదుముచున్నదనుకొనుడు. ఘర్షణ గుణకము 0.3, సగటు వ్యాసార్ధము 9 సెంటీమీటర్లు, రాపిడి ముఖములు రెండు. వీనిని గుణించిన 270 న్యూటన్-మీటర్లు వచ్చును. ఇంజను ఇచ్చునది 210 అయినచో క్లచ్‌కు దిగులు లేదు. అదే ప్లేటుకు నూనె తగిలి గుణకము 0.2కు పడిపోయినచో మోయగలది 180 మాత్రమే. అప్పుడు ఇంజను పూర్తి బలమిచ్చిన ప్రతిసారి ప్లేటు జారును.

రెండు జబ్బులను వేరుచేసి చెప్పునవి చోదకుని ఎదుటనే ఉన్న రెండు ముళ్ళు: ఒకటి ఇంజను చుట్లను చూపునది, రెండవది బండి వేగమును చూపునది. చేతితో గేరు మార్చు కారులో క్లచ్ పట్టు సరిగా ఉన్నంతవరకు, ఒక గేరులో ఈ రెండును ఒకే నిష్పత్తిలో పెరుగవలెను. నాలుగవ గేరులో 2,000 చుట్లకు గంటకు 60 కిలోమీటర్లు వచ్చునట్టి బండికి 3,000 చుట్లకు 90 రావలెను. అట్లుగాక వేగము 90 వద్ద ఉండగా చుట్లు 3,600కు ఎగబ్రాకినచో, మిగిలిన 600 చుట్లు క్లచ్‌లో జారిపోవుచున్నవి. ఇంజను మ్రోత పెరుగును, వేగము పెరుగదు. ఇది క్లచ్ దోషము. టర్బో వైపు చూడనక్కరలేదు. అట్లుగాక రెండు ముళ్ళును కలిసియే, కాని బద్ధకముగా కదలినచో క్లచ్ తన పని తాను చేయుచున్నది, బలమే తక్కువ. ఇది ఇంజను దోషము.

ఈ పరీక్షను పల్లములో గాని, మొదటి రెండవ గేర్లలో గాని చేసినచో ఫలితము నమ్మరాదు. చిన్న గేరులో చక్రములకు త్రిప్పుబలము హెచ్చి చేరును, బండి తేలికగా ముందునకు దూకును. అందుచేత కొద్దిపాటి జారుడు బయటపడదు. నాలుగవ గేరులో, కొద్దిపాటి ఎగుడున, 2,000 చుట్ల వద్దనుండి యాక్సిలరేటరును పూర్తిగా అదిమి చూడవలెను. లారీల నడుమ ఇట్టి పని కూడదు. రద్దీ లేని వేళ చూచి, అంకెలను పరిశీలించుటకు ప్రక్కన రెండవ మనిషిని కూర్చుండబెట్టుకొనుట మేలు. హ్యాండ్ బ్రేకు వేసి, పెద్ద గేరులో క్లచ్ వదలి ఇంజను ఆగిపోవునా లేదా అని చూచు పద్ధతి కూడ షెడ్లలో ఉన్నది. బాగున్న క్లచ్ అయినచో ఇంజను వెంటనే ఆగిపోవును. బాగా అరిగినదానిని మాత్రమే ఇది పట్టియిచ్చును. మరల మరల చేసినచో పరీక్షయే క్లచ్‌ను కాల్చివేయును.

కాల్చుట అనునది ఇక్కడ అలంకారపు మాట కాదు. 200 న్యూటన్-మీటర్ల బలము మీద 600 చుట్లు జారుచున్నప్పుడు పుట్టు వేడి పన్నెండున్నర కిలోవాట్లు. వేయి వాట్ల ఇస్త్రీపెట్టెలు పన్నెండింటిని ఒక పళ్ళెమంత చోట ఒకేసారి వేడిచేసినట్లు. లారీని దాటిన తరువాత ముక్కునకు తగులు కాలిన వాసన అదే. ఒకసారి మాడిన ప్లేటు ముఖము గాజువలె నున్ననై, తరువాత మరింత సులభముగా జారును. పటాన్‌చెరు రద్దీలో క్లచ్‌ను సగము త్రొక్కి బండిని నిలిపియుంచు అలవాటు కూడ ఇట్టి వేడినే మెల్లమెల్లగా పుట్టించును. ఇంకొక గుర్తు పెడలులోనే ఉన్నది. పళ్ళెపు స్ప్రింగు స్వభావము విచిత్రమైనది: ప్లేటు అరిగినకొలది దాని అదుము మొదట కొంత పెరిగి, తరువాత తగ్గును. అందుచేత పలు బండ్లలో అరిగిన క్లచ్ పెడలు బరువెక్కును, పట్టు పైకి వచ్చిన తరువాతగాని దొరకదు. పెడలు బరువుగా ఉన్నది కావున క్లచ్ గట్టిగా ఉన్నదని అమ్మువాడు చెప్పినచో నమ్మరాదు.

గేరు పడకపోవుట, రివర్సు వేయునప్పుడు పళ్ళు గీచుకొనుట వేరు జాతి దోషములు. అచ్చట క్లచ్ జారుటలేదు, పూర్తిగా విడుటలేదు. పెడలు క్రింద ఉండు ద్రవములో గాలి చేరుట, సిలిండరు రబ్బరు కారుట దీనికి ముఖ్యకారణములు. ఆ ద్రవము బ్రేకు ద్రవమే; అది ఏండ్ల తరబడి తేమను పీల్చుకొనును. దానిని మార్చి గాలి తీసిన పిమ్మటగాని గేర్‌బాక్సు మీద చేయి వేయరాదు. పోలో జీటీ వంటి బండ్లలో రెండు క్లచ్‌లను కంప్యూటరే నడుపును గనుక అచ్చట పెడలు పరీక్షకు చోటు లేదు.

ముళ్ళు రెండును కలిసి బద్ధకించినచో దోషమును వెదుకవలసినది గాలి దారిలో. ఇచ్చట పెక్కుమంది చేయు పొరపాటు నేరుగా టర్బోను మార్చుట. బండిలో మిక్కిలి ఖరీదైన భాగములలో టర్బో ఒకటి, అపరాధములు తక్కువ చేయు భాగములలోను ఒకటి. టర్బోనుండి ఇంజనువరకు గాలి పెక్కు రబ్బరు గొట్టములు, క్లిప్పులు, ఇంటర్‌కూలరు దాటిపోవలెను. పది పన్నెండేండ్ల వేడికి రబ్బరు పెళుసెక్కును. బండి నిలిచియున్నప్పుడు కనిపించని చీలిక, లోపల ఒత్తిడి ఎక్కగానే పెదవులవలె విచ్చుకొని ఉస్సుమని గాలి వదలును. గొట్టము మూతి బిగించి, లోనికి గాలి కొట్టి, పైన సబ్బునురుగు పూసినచో బుడగలు పుట్టినచోట చిల్లి దొరకును. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని షెడ్లలో గాలికి కొదవలేదు. కాని కంప్రెసరు తొట్టిలోని ఏడెనిమిది బారుల ఒత్తిడిని నేరుగా వదలినచో గొట్టములు చిట్లి ఎగిరిపోవును. రెగ్యులేటరు పెట్టి ఒక బారునకు లోపుగా మాత్రమే కొట్టవలెను.

గొట్టములు బాగున్నచో తరువాత చూడవలసినవి రెండు కవాటములు. యాక్సిలరేటరును వదలినప్పుడు అదిమిన గాలిని మళ్ళించునది డైవర్టర్ వాల్వు. దాని పలుచని పొర చినిగినచో గాలి ఎప్పుడును తప్పించుకొని వెనుకకు పోవుచునే యుండును. టర్బో చక్రమునకు పోవు పొగలో కొంత ప్రక్కకు మళ్ళించి వేగమును అదుపులో పెట్టునది వేస్ట్‌గేటు. అది మూతపడనిచో టర్బో తిరుగదు. దీనిలో ఒక చమత్కారమున్నది. గాలి ఒత్తిడితో తెరచుకొను వేస్ట్‌గేటు యొక్క సన్నని గొట్టము ఊడినచో ఒత్తిడి తగ్గుటకు బదులు హద్దు మీరి పెరుగును. అది చూచి కంప్యూటరు ఇంజనును కాపాడుటకు బలమును ఒక్కసారిగా కోసివేయును. కారు రెండు సెకనులు ఉరికి, హఠాత్తుగా చతికిలబడును. చోదకుడు దీనిని కూడ పికప్ లేకపోవుట అనియే చెప్పును. నిజమునకు జబ్బు ఒత్తిడి తక్కువై కాదు, ఎక్కువై.

ఒత్తిడి సరిగా ఉండి, ముళ్ళు సరిగా నడచి, అయినను మే నెలలో మధ్యాహ్నము మాత్రమే బలము తగ్గుచున్నచో ఇంటర్‌కూలరును చూడవలెను. 95 నుండి 155 కిలోపాస్కల్‌లకు అదిమినప్పుడు 40 డిగ్రీల గాలి నూరు డిగ్రీలు దాటి వేడెక్కును. రహదారి దుమ్ము, పురుగులు, ఎగిరివచ్చి అంటుకొన్న ప్లాస్టిక్ సంచి ఇంటర్‌కూలరు ముఖమును మూసినచో ఆ వేడి తగ్గదు. వేడిగాలికి పెట్రోలు వేళ కాని వేళ భగ్గుమనబోవును. కంప్యూటరు దానిని పసికట్టి నిప్పురవ్వను ఆలస్యము చేయును, బలము తగ్గును. ఒక బకెట్టు నీటితో పోవు దోషమునకు టర్బో మార్పించుట ఎంత నష్టము! ఇవన్నియు చూచిన పిమ్మటనే టర్బోను అనుమానింపవలెను. నీలపు పొగ, నూనె ఖర్చు, ఇరుసు ముందువెనుకలకు స్పష్టముగా కదలుట, రెక్కల అంచులు గోడను గీచుకొనుట దాని నిజమైన గుర్తులు. ప్రక్కలకు ఇరుసు వెంట్రుకవాసి కదలుట సహజమే. నూనెపొర నిండినప్పుడు అది సర్దుకొనును.

ఇంతవరకు రెండు దోషములను విడివిడిగా చెప్పుట జరిగినది. పాత బండ్లలో అవి తరచుగా జంటగా ఉండును, ఒకదానిని మరొకటి కప్పియుంచును. పైన చెప్పిన ఉదాహరణయే తీసికొనుడు: క్లచ్ మోయగలది 180. గొట్టము చిల్లివలన ఇంజను ఇచ్చునది 150. బండి బద్ధకముగా నడచును గాని క్లచ్ జారదు. కొన్నవాడు చిల్లిని పూడ్పించును, ఇంజను తిరిగి 210 ఇచ్చును, ఆ సాయంత్రమే క్లచ్ జారుట మొదలగును. బాగుగా ఉన్న క్లచ్‌ను మెకానిక్కు చెడగొట్టెనని తగవు పుట్టును. అతడు చెడగొట్టినది ఏమియులేదు. అరిగిన క్లచ్‌కు అంతవరకు పరీక్షయే రాలేదు. కంప్యూటరులో లెక్కలు మార్పించి బలము పెంచుకొన్న బండ్ల కథయు ఇదే. 210కి తగిన క్లచ్ మీద 280 మోపినచో కొత్త ప్లేటు కూడ నిలువదు. కావున పాత టర్బో కారు కొనువాడు ఒత్తిడి పూర్తిగా వచ్చుచున్నదని అంకెలలో చూచిన తరువాతనే క్లచ్‌ను గురించి తీర్పు చెప్పవలెను.

జంట దోషములకు ఒకే తల్లి ఉండు సందర్భమును కలదు. సిలిండరులో మండిన వాయువు కొంత పిస్టను రింగులను దాటి క్రిందనున్న క్రాంక్‌కేసులోనికి దిగును. దానిని తిరిగి ఇంజను పీల్చుకొనునట్లు ఒక గొట్టము, అందులో ఒకవైపే తెరచుకొను చిన్న కవాటము అమర్చుదురు. టర్బో అదిమినప్పుడు ఆ కవాటము మూతపడవలెను. అది పాడై తెరచియే ఉండిపోయినచో అదిమిన గాలి ఎదురు తిరిగి క్రాంక్‌కేసులోనికి పోవును. ఇది మొదట గాలి నష్టము. తరువాత ఆ ఒత్తిడి నూనెను బయటికి తరుమును. క్రాంకు ఇరుసు వెనుక కొననున్న సీలు దాటి వచ్చిన నూనె చేరునది ఎక్కడికి? గేర్‌బాక్సు గంట లోపలికి, అక్కడనుండి క్లచ్ ప్లేటు మీదికి. తక్కువ ఖరీదు గల ఒక చిన్న కవాటము టర్బో బలమును దొంగిలించి, క్లచ్‌ను కూడ తడిపివేయును. దీనిని గుర్తింపక ప్లేటును మాత్రము మార్చినచో కొత్త ప్లేటు కూడ కొన్ని నెలలలో తడిసి జారును.

అందుచేత క్లచ్‌కై గేర్‌బాక్సును దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగులతో పాటు వెనుక సీలును చూడవలెను. తడిగా ఉన్నచో మార్చి, ఆ కవాటమును పరీక్షింపవలెను. ఫ్లైవీలు ముఖముపై నీలపు మచ్చలు, సన్నని పగుళ్ళు కనిపించినచో అది వేడికి లోనైనదని అర్థము. ఒకే దిమ్మెగా ఉన్న ఫ్లైవీలును లేతు మీద నునుపు చేయింపవచ్చును. అదురును మ్రింగుటకై లోపల స్ప్రింగులతో రెండు ముక్కలుగా చేసిన ఫ్లైవీలు ఆటలాడుచున్నచో మార్చవలసినదే. కొత్త క్లచ్ వేసిన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు ఊరిలో నెమ్మదిగా నడిపి, ముఖములు ఒకదానితో నొకటి కుదురుకొన్న పిమ్మట, మరల అదే నాలుగవ గేరులో, అదే ఎగుడున, రెండు ముళ్ళను, పీడనపు అంకెను చూడవలెను. అంకె 155కు ఎక్కి, ముళ్ళు రెండును జతగా లేచినచో పని పూర్తియైనది.